కోడలి ఖాతాలో ఊరి దుడ్లు

గుండ్లకొట్టాలలో సుంకులమ్మకు కొత్త గుడి కట్టాలన్న మాట మీద ఊరంతా ఒక్కటైంది. ఆ డబ్బు ఎవరి దగ్గర ఉంచాలన్న దగ్గరికి వచ్చేసరికి ఏ ఇద్దరికీ పొసగలేదు. కమిటీ పేరుతో బ్యాంకులో ఖాతా తెరవాలంటే ముగ్గురి సంతకాలు కావాలన్నారు. ఆ ముగ్గురూ ఎవరని ఆదివారం ఆదివారం కూర్చుని వాదులాడుకున్నారు. ఒకసారి చొక్కాలు పట్టుకునే దాకా వచ్చింది. చివరికి కమిటీ పెద్ద బసవన్న లేచి, తన కోడలు శివలీల డోన్‌లో సర్కారు బడి టీచరనీ, నెలనెలా జీతం పడే ఖాతా ఉందనీ, ఊరి సొమ్ము మూటగట్టుకుని పారిపోయే మనిషి కాదనీ అన్నాడు. దానికి అందరూ సరేనన్నారు. ఒక్క శివలీలను అడగడం మాత్రం ఎవరికీ తోచలేదు. సాయంత్రం బడి నుంచి ఇంటికి వచ్చాక భర్త బసవరాజ్ ఆ సంగతి చెప్పాడు.

ఆమె కాదనలేదు. పదిమందిలో మామ అంత ధీమాగా తన పేరెత్తడం ఆమెకు లోలోపల గొప్పగానే ఉండింది. ఉల్లిగడ్డలమ్మిన వాళ్లు, వేరుశనగ బుడ్డలమ్మిన వాళ్లు, నాపరాళ్ల లారీలు తిప్పే వాళ్లు నోట్లు తెచ్చి బసవన్న చేతికిస్తే, ఆయన కోడలికిచ్చేవాడు. ఆమె మధ్యాహ్నం అన్నం గంటలో బ్యాంకుకు పోయి ఖాతాలో వేసేది. ఏ డబ్బు ఎవరిదో మరిచిపోకుండా పాసుపుస్తకంలో పక్కన పెన్సిలుతో పేరు గీసుకునేది. ఏడాదిలో పద్దెనిమిది లక్షలు అట్లా ఆమె ఖాతాలోకి వచ్చి, అట్లాగే ఆళ్లగడ్డ శిల్పికీ, మేస్త్రీలకూ, సిమెంటుకూ పోయాయి. గుడి లేచింది. అమ్మవారికి జాతర, అదే దేవర, చేశారు. ఊరంతా తిన్నది. ఆమె చేతికి రూపాయి మిగల్లేదు, మిగలాలని ఆమె అనుకోనూ లేదు.

ఇక దాతల రాయి సంగతి చెప్పుకోవాలి. శంకుస్థాపన రోజున మైకు పెట్టి, ఎవరెంత ఇస్తారో చెప్పమన్నారు. బసవన్న ముందుగా మైకందుకుని ఐదు లక్షలన్నాడు. డప్పులు మోగాయి. ఆ డప్పుల హుషారులో నరసన్న మూడన్నాడు. నరసన్న మూడన్నాక గోపన్న రెండుకు తగ్గితే ఏం బాగుంటుంది? ఒకడి అంకె విని ఇంకొకడు తన అంకె పెంచుతూ పోయాడు. సాయంత్రానికి ముప్పై నాలుగు లక్షలు తేలాయి. మైకులో చెప్పిన అంకెలే నల్లరాతి మీద బంగారు రంగు అక్షరాల్లో చెక్కించి గుడి ముందు నిలబెట్టారు. తీరా ఇచ్చేటప్పుడు మూడన్న నరసన్న ఒకటితో సరిపెట్టాడు. యాభై వేలన్న వాడు పదితో చేతులు దులుపుకున్నాడు. ఎవరిది వాళ్లకు తెలుసు. అందరిదీ తెలిసింది పాసుపుస్తకం చేతిలో ఉన్న శివలీలకొక్కతికే.

ఆ పుస్తకంలో మామ పేరు పక్కన కూడా ఒక్క లక్షే ఉంది. అందరికంటే ముందు మైకందుకున్న మనిషి, అందరికంటే ఎక్కువ చెప్పిన మనిషి, ఐదో వంతు ఇచ్చి ఊరుకున్నాడని చూసినప్పుడు ఆమె మనసు చివుక్కుమంది. మామను అడిగేంత చనువు ఆమెకుంది. అయినా అడగలేదు. ఊళ్లో పెద్దరికమంటే ఇంతేనేమో అనుకుని వదిలేసింది.

రెండేళ్లు గడిచాక, బడులు తెరిచిన కొత్తల్లో ఆమె ఫోనుకు ఇన్‌కమ్ టాక్సు వాళ్ల పేరుతో ఒక మెసేజీ వచ్చింది. ఆమె రిటర్ను పరిశీలనకు ఎంపికైందట, పోర్టల్లో చూసుకోమన్నారు. అలాంటి మెసేజీలు నొక్కితే ఖాతా ఊడ్చుకుపోతుందని ఆ వారమే ఎనిమిదో తరగతికి తనే పాఠం చెప్పింది. అందుకని వెంటనే తుడిపేసింది. రెండోది వస్తే దాన్నీ తుడిపేసి, దొంగలు మహా ఓపికమంతులని బసవరాజ్‌తో నవ్వుతూ చెప్పింది. మూడోసారి కర్నూలు నుంచి ఆడిటర్ ఓబులేష్ ఫోను చేశాడు. డోన్ టీచర్లలో సగం మందికి ఏటా రిటర్నులు వేసేది ఆయనే. ఏం మేడమ్, సర్కారు రెండుసార్లు ఉత్తరం రాస్తే పలకరా అన్నాడు.

శనివారం ఆమె కర్నూలుకు పోయింది. ఓబులేష్ నోటీసు చదివి వినిపించాడు. దాని భాష మర్యాదగానే ఉంది, ప్రతి పేరాకూ ఒక దయచేసి ఉంది. అందులోని సంగతి మాత్రం మర్యాదగా లేదు. ఒక ఏడాదిలో పొదుపు ఖాతాలో పది లక్షలు దాటి నోట్లు వేస్తే ఆ కబురు బ్యాంకే వాళ్లకు చేరవేస్తుందని ఆయన చెప్పాడు. ఏడాదికి ఆరు లక్షల జీతం వచ్చేవాళ్ల ఖాతాలో పద్దెనిమిది లక్షల నోట్లు పడితే ఎవడికైనా అనుమానం రాదా అన్నాడు. వేసే ముందు ఒక్క ఫోను చేసి ఉంటే, కమిటీకి వేరే పాను కార్డు తీసుకుని ఖాతా తెరిపించేవాడినని నిట్టూర్చాడు. ఆ డబ్బు ఎవరిదో రుజువు కాకపోతే మొత్తం ఆమె సొంత ఆదాయమని కట్టి, వందకు డెబ్బై ఎనిమిది చొప్పున పన్ను వేస్తారట. పద్దెనిమిది లక్షల మీద పద్నాలుగు లక్షలు.

"ఇది నా డబ్బు కాదని మీరు చెప్తే సరిపోదు మేడమ్. ఇచ్చినోళ్లు చెప్పల్ల" అన్నాడు.

పద్నాలుగు లక్షలంటే డోన్‌లో ఆమె కొనుక్కున్న ఇంటి స్థలం. పెళ్లైనప్పటి నుంచి జీతంలో మిగిల్చి, చీటీలు పాడి, చేతి గాజులు కుదువ పెట్టి విడిపించి కొన్నది. బస్సులో తిరిగి వస్తూ ఆమె వేరే ఏమీ ఆలోచించలేదు. ఆ స్థలానికి తూర్పు వైపు వాకిలి పెట్టాలా, ఉత్తరం వైపు పెట్టాలా అని భర్తతో వాదించిన వాదనలన్నీ గుర్తొచ్చాయి.

బసవన్నకు చెబితే ఆయన పెద్దగా కంగారుపడలేదు. ఆయన బతుకంతా సిఫార్సుల మీద నడిచింది. కరెంటు కనెక్షనైనా, పట్టా పాసుపుస్తకమైనా, పోలీసు స్టేషనైనా, ఎవరో ఒకరితో చెప్పిస్తే జరగని పనంటూ ఆయన చూడలేదు. ఆ ఆఫీసరు యాడ ఉంటాడో కనుక్కోమన్నాడు, ఎమ్మెల్యే దగ్గర నుంచి ఉత్తరం తెస్తానన్నాడు. ఆఫీసరు పేరు ఎవరికీ తెలియదనీ, ఏ ఊళ్లో ఉంటాడో కూడా తెలియదనీ, అంతా కంప్యూటరులోనే అడిగి కంప్యూటరులోనే తేలుస్తారనీ శివలీల చెప్పింది. బసవన్న తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మొగమే లేనోడికి ఎవరితో చెప్పిస్తామమ్మా అన్నాడు. ఆయన ఓడిపోయినట్టు కనిపించడం ఆమె చూడటం అదే మొదటిసారి.

రసీదులు ఏమైనా ఉన్నాయా అని ఓబులేష్ ఫోనులో అడిగాడు. గుండ్లకొట్టాలలో దేవతకిచ్చిన డబ్బుకు రసీదు రాసివ్వడమంటే ఇచ్చినవాణ్ణి అవమానించడమే. కాబట్టి ఒక్క రసీదూ లేదు. కానీ దాతల రాయి ఉందని శివలీల అంది. ఆడిటర్ ఎగిరి గంతేశాడు. కాగితమైతే నిన్న రాత్రి పుట్టించారంటారు, రెండేళ్ల కింద చెక్కిన రాతిని ఎవరు కాదంటారు అన్నాడు. వెంటనే ఫోటో తీసి పంపమన్నాడు. ఆ రాతి మీదున్నవి మైకులో చెప్పిన అంకెలన్న ఆలోచన ఆ క్షణంలో ఆమెకు తట్టలేదు. పేర్లు చూపిస్తే చాలనుకుంది. తట్టి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. ఎండ బాగా ఉన్నప్పుడు పోయి, అక్షరాలు తళతళలాడేటట్టు ఫోటో తీసి పంపింది. ఓబులేష్ దానికి ఇంగ్లీషు తర్జుమా జతచేసి పోర్టల్లో ఎక్కించాడు.

దసరా ముగిశాక జవాబు వచ్చింది. ఈసారి కూడా దయచేసి అనే ఉంది. రాతి మీద చూపిన విరాళాలు కూడితే ముప్పై నాలుగు లక్షలు వస్తున్నాయనీ, ఆమె ఖాతాలో వేసింది పద్దెనిమిదేననీ, మిగిలిన పదహారు లక్షలు ఎక్కడున్నాయో దయచేసి వివరించమనీ అడిగారు. ఫోనులో ఓబులేష్ గొంతు నీరసంగా ఉంది. అగ్గి ఆర్పబోయి కిరసనాయిలు పోసినట్టయింది మేడమ్ అన్నాడు.

ఆ కబురు ఊళ్లో ఎట్లా పొక్కిందో తెలియదు. తెల్లారేసరికి కొళాయి దగ్గర పదహారు లక్షల లెక్క అందరి నోళ్లలో నానుతోంది. మొగుడు మూడు చెప్పి ఒకటే ఇచ్చాడని నరసన్న భార్యకు తెలియదు. కాబట్టి ఆమె లెక్క ప్రకారం మిగిలినదంతా టీచరమ్మే తిన్నది. డోన్‌లో స్థలం ఊరికే వచ్చిందా అని ఒకామె అంది. ఆ మాట శివలీల చెవిన పడింది. బిందె నింపకుండానే ఇంటికి వచ్చి, వంటింట్లో నిలబడి ఏడ్చింది. పన్ను సంగతి అటుంచి, ఊరి కోసం ఎండలో బ్యాంకు చుట్టూ తిరిగినందుకు దక్కిన పేరు ఇదా అని ఆమెకు ఒళ్లు మండిపోయింది.

ఇక దారి ఒక్కటే ఉందని ఓబులేష్ చెప్పాడు. రాతి మీద పేరున్న ప్రతి ఒక్కడూ నిజంగా ఎంతిచ్చాడో రాసి, మిగతాది ఇవ్వలేదని ఒప్పుకుని సంతకం పెట్టి, ఆధారు నకలు జతచెయ్యాలి. ఆ కాగితాల మొత్తం, ఖాతాలో పడ్డ మొత్తం ఒకటి కావాలి. ఒక్క పెద్ద అంకె తేడా వచ్చినా వాళ్లు రాతినే నమ్ముతారు.

శివలీల కాగితాలు తయారుచేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. అందరూ కూర్చోబెట్టి మజ్జిగిచ్చారు. ఎవరూ సంతకం పెట్టలేదు. ఒకడు కళ్లజోడు డోన్‌లో మరిచిపోయానన్నాడు. ఒకడు ఆధారు కార్డు ఎలుకలు కొట్టేశాయన్నాడు. ఇంకొకడు ఈ కాగితం పట్టుకుని రేపు తన మీదికే వస్తారని నీళ్లు నమిలాడు. నరసన్న అందరికంటే తెలివైనవాడు. సంతకం పెట్టేదానికన్నా బాకీ ఉన్న రెండు లక్షలూ ఇచ్చేస్తాను, తీసుకుపోయి ఖాతాలో వేసుకొమ్మని నోట్లు తెచ్చి ముందు పెట్టాడు. ఇప్పుడు వేస్తే ఈ ఏడాదికి కొత్త నోటీసు వస్తుందని నచ్చజెప్పి బయటపడేసరికి ఆమెకు చెమటలు పట్టాయి. దేవతకు ఎగ్గొట్టానని రాతపూర్వకంగా ఒప్పుకోవడం కంటే రెండు లక్షలు పారేసుకోవడమే ఆయనకు తేలికగా కనిపించింది. పోతూ పోతూ, రాతి మీద మొదటి పేరు మీ మామది, ముందు ఆయన్ని పెట్టమను, తర్వాత చూద్దాం అని ఒక మాట అన్నాడు.

ఆ మాటనే మిగతా ఇళ్లవాళ్లూ అన్నారు. నిజానికి అది న్యాయంగానే ఉంది.

ఆమె ఇంటికి వచ్చి మామ ముందు కాగితం పెట్టింది. అందులో లక్ష ఇచ్చానని, మిగతా నాలుగు లక్షలు ఇవ్వలేదని ఉంది. బసవన్న చదివి, మడిచి, వెనక్కిచ్చాడు. పెట్టలేనమ్మా అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. ఆ వారమంతా ఆమె కాగితం పట్టుకుని ఆయన వెనకాల తిరిగింది. ఆయన పొద్దున్నే చేను దారి పట్టేవాడు, అందరూ తిన్నాక వచ్చి తినేవాడు. జవాబు ఇవ్వాల్సిన గడువు దగ్గర పడింది. ఈయన పరువు ముందు మా స్థలమెంత అని బసవరాజ్ ఇంట్లో గిన్నెలు విసిరాడు. ఎన్నడూ నోరెత్తని శివలీలకు కూడా మామ మీద అసహ్యం పుట్టింది. ఐదు చెప్పి ఒకటిచ్చిన మనిషికి ఒకటిచ్చానని రాయడానికి ఇంత బాధ ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

ఆదివారం ఉదయం చేనుకే పోయి పట్టుకుంది. బసవన్న కంది సాళ్ల మధ్య కలుపు తీయిస్తున్నాడు. కూలోళ్లకు దూరంగా, గట్టు మీదికి పిలిచింది. అంతవరకూ ఆయన ముందు అనని మాటలన్నీ అనేసింది. ఖాతా ఇచ్చేటప్పుడు తన పేరు ఎవరు చెప్పారని అడిగింది. దొంగ అనే పేరు కొళాయి దగ్గర తను మోస్తుంటే ఆయన పెద్దరికం మోసుకుంటూ తిరుగుతున్నాడని అంది. చివరికి, ఎగ్గొట్టింది ఆయనైతే కట్టేది తనా అని అడిగేసింది.

 బసవన్న కండువాతో మొహం తుడుచుకుని, నేల చూస్తూ చెప్పాడు.

"నేను ఎగ్గొట్టలేదమ్మా. ఐదూ ఇచ్చినా."

గుడి పూర్తయ్యే వేళకు ఖాతా అడుగంటిందనీ, శిల్పికి ఇంకా నాలుగు లక్షలు బాకీ ఉండిందనీ చెప్పాడు. దేవర రెండు వారాల్లో పెట్టుకున్నారు. శిల్పి అమ్మవారి విగ్రహం బండెక్కించనని కూర్చున్నాడు. మాటిచ్చినవాళ్లను అడిగితే అందరూ మొహం చాటేశారు. అప్పుడాయన రైల్వే గేటు పక్క ఎకరన్నర చేను గోపన్నకు అమ్మాడు. దస్తావేజులో రాసింది రెండు లక్షలు. చేతికి వచ్చింది ఆరు. రెండు పెట్టి బ్యాంకులో పంట అప్పు తీర్చాడు. మిగిలిన నాలుగు తీసుకుని తనే ఆళ్లగడ్డకు పోయి శిల్పికి లెక్కపెట్టి ఇచ్చి, విగ్రహం తెచ్చాడు.

 ఆ చేను రెండు లక్షలకే అంత చౌకగా అమ్మాడని బసవరాజ్ తండ్రితో ఎన్ని నెలలు సరిగా మాట్లాడలేదో శివలీలకు తెలుసు. ఇంట్లో ఎందుకు చెప్పలేదని అడిగింది. చెప్పింటే వాడు అమ్మనిస్తాడా అన్నాడు బసవన్న. ఊళ్లో ఎందుకు చెప్పలేదంటే, మీరంతా ఎగ్గొట్టినారని పదిమందిలో అరిచి గుడికి వాళ్లను దూరం చేసేదా అన్నాడు.

ఆమె అక్కడే గట్టు మీద కూర్చుని ఓబులేష్‌కు ఫోను చేసింది. మామ ఐదూ ఇచ్చాడని, నాలుగు నేరుగా శిల్పికి పోయాయని రాస్తే ఏమవుతుందని అడిగింది. ఆడిటర్ అంతా విన్నాడు. ఆ నాలుగు యాడివని అడుగుతారు మేడమ్ అన్నాడు. చేను అమ్మినవంటే దస్తావేజు చూపించమంటారు. అందులో రెండే ఉంది. మీ మామకు ఒక నోటీసు, గోపన్నకు ఒక నోటీసు పోతాయి. గోపన్న ఆ నోట్లు యాడ తెచ్చినాడని ఇంకో నోటీసు. మీది తేలకపోగా ఇంకో రెండు కొంపలు అంటుకుంటాయి అన్నాడు. నిజం చెప్పి గట్టెక్కే దారి లేదా అని ఆమె అడిగింది. ఉండేది, దస్తావేజులో నిజం రాసుంటే అన్నాడు ఆయన.

ఫోను పెట్టేశాక ఆమె కాగితాన్ని చింపబోయింది. స్థలం పోతే పోయిందిలే మామా, అంది. ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అంది. బసవన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"సాయంత్రం అందరినీ గుడి కాడికి రమ్మన్నానని చెప్పు. నాలుగు సంగతి మాత్రం ఎవురికీ తెలియగూడదు. మావోనిగ్గూడ."

భర్తకు కూడా చెప్పనని ఆమె మాటిచ్చింది. ఆయన ఏం చేయబోతున్నాడో సాయంత్రం దాకా ఆమెకు తెలియలేదు.

పొద్దు వాలే వేళకు గుడి ముందర అరుగుల మీద ఊరి మగవాళ్లు చేరారు. సంతకం పెట్టమంటే ఏం చెప్పాలో అందరూ సిద్ధం చేసుకునే వచ్చారు. శివలీల కాగితాల కట్ట, పెన్ను, వేలిముద్రల ఇంకు డబ్బా పట్టుకుని ఒక వారగా నిలబడింది. బసవన్న లేచాడు. ఈసారి మైకు లేదు.

"అప్పా, అందరూ వినండి. ఈ రాతి మీద నా పేరు కింద ఐదు లక్షలుండాది. నేను ఇచ్చింది ఒకటే. మిగతా నాలుగు ఇయ్యలేదు. అమ్మవారికి ఎగ్గొట్టినా."

 ఆయన కోడలి చేతిలోంచి కాగితం తీసుకుని, అరుగు మీద పరిచి, అందరూ చూస్తుండగా సంతకం పెట్టాడు. బసవన్న అన్న నాలుగక్షరాలు రాయడానికి ఆయన మామూలుగా తీసుకునే కాలమే తీసుకున్నాడు. పెన్ను తిరిగి శివలీలకిచ్చి, మీరూ పెట్టండప్పా, ఆ బిడ్డ మనకోసం ఇరుక్కున్నాది, అన్నాడు.

 వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వుతో అందరి మొహాలూ తేలికపడ్డాయి. బసవన్నంతటివాడే ఎగ్గొట్టాక తమది ఒక తప్పా? కళ్లజోడు మరిచినవాడి జేబులోంచి కళ్లజోడు బయటికి వచ్చింది. ఎలుకలు కొట్టిన ఆధారు కార్డులు ఫోనుల్లో దొరికాయి. ఒకరి తర్వాత ఒకరు వచ్చి, రాతి మీద రెండున్నచోట అర, యాభై వేలున్నచోట పది అని చూసుకుని సంతకాలు పెట్టారు. నరసన్న తన కాగితం మీద గీకుతూ, అందరికీ వినబడేటట్టు అన్నాడు.

"ఐదని అరిచి ఒకటిచ్చిన పెద్దమనిషి ముందుండంగా, మాకేం సిగ్గప్పా?"

అరుగులన్నీ నవ్వాయి. బసవన్న కూడా నవ్వాడు. గోపన్న ఒక్కడే నవ్వలేదు. ఆయన చేతుల మీదుగానే చేను తాలూకు ఆరు లక్షలు బసవన్నకు పోయాయి. అవి ఎటు పోయాయో ఆయనకు అప్పుడే తట్టినట్టుంది. తలెత్తకుండా సంతకం పెట్టి, ఎవరితో మాట్లాడకుండా ఇంటికి పోయాడు. శివలీలకు నరసన్న చేతిలోని కాగితం లాక్కుని మొహాన కొట్టాలనిపించింది. నీ రెండు లక్షలు నా మామ కట్టినాడని అరవాలనిపించింది. అక్కడున్న ప్రతి ఒక్కడి బాకీలోనూ ఆయన చేను ఇంతింత ఉందని ఆమెకు తెలుసు. ఆమె ఇంకు డబ్బా మూత తీసి తర్వాతి మనిషి ముందు పెట్టింది.

కాగితాల మొత్తం పద్దెనిమిది లక్షలతో సరిపోయింది. ఓబులేష్ అన్నీ ఎక్కించాడు. సంక్రాంతి దాటాక ఇంకో చిన్న ప్రశ్న వచ్చింది, దానికీ జవాబిచ్చాడు. ఫిబ్రవరి చివర్లో ఆర్డరు వచ్చింది. వివరణ సంతృప్తికరంగా ఉందని, ఆమె చూపిన ఆదాయాన్నే ఒప్పుకుంటున్నామని రాశారు. ఆడిటర్ ఫోనులో గట్టిగా నవ్వి, ఇక మీ ఖాతాలో మీ జీతం తప్ప వేరే రూపాయి వేయొద్దని ఒట్టు వేయించుకున్నాడు. బసవరాజ్ మైసూరుపాకు తెచ్చాడు. తండ్రికి ఒక ముక్క తనే తీసుకుపోయి పెట్టాడు గానీ, ఇచ్చిన మాటకు కట్టుబడని మనిషని ఆయన మీద ఏర్పడ్డ అభిప్రాయం మార్చుకోలేదు. బసవన్న ఒక్కటే అడిగాడు, ఆ ఆర్డరులో గోపన్న చేను సంగతి యాడన్నా వచ్చిందా అని. రాలేదని శివలీల చెప్పింది. అయితే సరేనన్నాడు.

ఉగాదికి ముందు కమిటీ మళ్లీ కూర్చుంది. మాట మీద నిలబడే మనిషి పెద్దగా ఉండాలని ఎవరో అంటే, అందరూ కలిసి నరసన్నను పెట్టుకున్నారు. ఈసారి కమిటీకి పాను కార్డు కూడా తీసుకున్నారు. బసవన్న ఆ మీటింగుకు పోలేదు, ఎవరూ పిలవనూ లేదు.

మర్నాడు పొద్దున శివలీల కొళాయి దగ్గరికి పోతే నరసన్న భార్య ఎదురైంది. పదహారు లక్షల మాట అన్నందుకు ఆమె మనసులో కొంచెం నొచ్చుకుంటున్నట్టే ఉంది. మంచిగా మాట్లాడాలని దగ్గరికి వచ్చి, చెయ్యి పట్టుకుని పలకరించింది. నీ తప్పేం లేదులే శివలీలా, అంది. అంతా మీ మామ చేసిన పని. ఐదని చెప్పి ఒకటే ఇచ్చినాడంట గదా, నిజమేనా అని అడిగింది. కొళాయి చుట్టూ ఉన్నవాళ్లంతా బిందెలు ఆపి చూశారు.  శివలీల గట్టు మీద ఇచ్చిన మాట గుర్తు చేసుకుంది.

"అవునక్కా" అంది. "ఒకటే ఇచ్చినాడు."